బ్రిక్స్‌లో సౌదీ కోసం వేసిన కుర్చీకి

అశోక్‌నగర్, హైదరాబాద్,
అక్టోబర్ 2025.

మహారాజశ్రీ కుర్చీ గారికి,

స్టడీ హాలు నుంచి ఒక సివిల్స్ ప్రిలిమ్స్ అభ్యర్థిని నమస్కరించి రాయునది. ఈ మధ్యాహ్నం మాక్ టెస్టులో ‘బ్రిక్స్ సభ్య దేశాలెన్ని?’ అన్న బిట్‌కు 11 పెట్టాను. బ్రిక్స్ అంటే బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా పాతకాపులుగా ఉన్న దేశాల కూటమి. కీలో 10. రెండు మార్కులు రాకపోగా 0.66 కోసేశారు. పక్క సెంటర్ కీలో 11 అట! గంటసేపు కొట్లాడితే సర్, "రెండూ కరెక్టేనమ్మా" అన్నారు. కోసిన మార్కులు మాత్రం కలపలేదు. ఆ ఒక్క అంకె తేడా తమరే.

2023 ఆగస్టులో జొహానెస్‌బర్గ్ సదస్సులో తమర్ని వేసి, సౌదీనీ ఇంకొన్ని దేశాల్నీ 2024 జనవరి 1 నుంచి వచ్చి కూర్చోమన్నారు. ఈజిప్టు, ఇరాన్, యూఏఈ, ఇథియోపియా వచ్చి కూర్చున్నాయి. అర్జెంటీనా రానని ఉత్తరం రాసేసింది. మర్యాదంటే అదీ. సౌదీ ఏం చేసింది? బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి, ఎక్కకుండా కింద టీ తాగుతూ నిలబడింది. 2024 కజాన్ సదస్సులో సౌదీ విదేశాంగ మంత్రి ఆహ్వానితుడిగా ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి దిగిపోయారు. ఈ ఏడాది కండక్టర్ డ్యూటీ, అంటే అధ్యక్షత, బ్రెజిల్‌ది. వాళ్లు ఆ కర్చీఫ్‌కే టికెట్ కొట్టి, వెబ్‌సైటులో పదకొండో సభ్యుడిగా రాసేశారు. ఎక్కారా బాబూ అంటే అవుననరు, కాదనరు!

ఇండోనేషియా కూడా మొదట ఆలోచిస్తానంది. కానీ ఈ జనవరిలో ఎక్కేసింది. మలేషియా, కజకిస్థాన్, ఉజ్బెకిస్థాన్‌లది ‘భాగస్వామి’ హోదా, అంటే స్టాండింగ్. తుర్కియే జేబులో నాటో (అమెరికా ఉన్న సైనిక కూటమి) టికెట్ ఉంచుకునే ఈ బస్సునూ ఆపింది. ఇక ఈ బస్సులో డాలరు పెత్తనం మీద ఉపన్యాసాలా? యూఏఈ దిర్హామ్ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గరే కట్టేసి ఉంది. సౌదీ రియాల్ 1986 నుంచి 3.75. ఆ బిట్లకు మాత్రం కీ మారదు.

జులైలో రియో సదస్సులో ఏం చేశారు మీవాళ్లు? ఇరాన్ మీద దాడుల్ని ఖండించారు. ఎవరు చేశారో రాయలేదు. సాటి సభ్యుడి ఇంటి మీద బాంబులు పడితే, వేసినవాడి పేరు రాయడానికి పది మందికో పదకొండు మందికో చేతులు రాలేదా? సిగ్గుండాలి!

నీ మీద అరిచి ఏం లాభంలే. నీ ఆసామి చమురు చైనాకు అమ్ముకుంటాడు, ఆయుధాలు అమెరికా దగ్గర కొంటాడు. ఎక్కితే ఒకరికి కోపం, దిగితే ఇంకొకరికి. డౌటున్న బిట్ ఖాళీగా వదిలేస్తే మైనస్ ఉండదని సర్ మొదటి రోజే చెప్పారు. నేనే వినలేదు.

ఇట్లు,
మైనస్ 0.66