జట్టు గెలిస్తే ఎవరు బాధ్యులు?

కాలేజీ బాస్కెట్‌బాల్‌కు ఆటగాళ్లే ప్రాణమని కొందరు అమాయకులు ఇంకా నమ్ముతున్నారు. ఒడిశాలోని మా బరంపురంలో ఏ ప్లస్ త్రీ కాలేజీ, అంటే డిగ్రీ కాలేజీ, ఆఫీసు గుమ్మం దగ్గరైనా ఒక్క సీజన్ నిలబడితే చాలు, ఆ భ్రమ వదులుతుంది. జట్టును నడిపేది ఫైలు. బంతి దానికి జతపరచిన కాగితం మాత్రమే.

ఇది మేం కనిపెట్టిన పద్ధతి కాదు. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు ఈ ఆట మొదలుపెట్టాలనుకుని, భవనం చూసుకునే మనిషిని రెండు పెట్టెలు అడిగాడు. పెట్టెలు లేవు, పీచ్ పళ్ల బుట్టలున్నాయన్నాడాయన. ఆ బుట్టల్నే బాల్కనీ కమ్మీకి పది అడుగుల ఎత్తున కొట్టారు. ఈనాటికీ ప్రపంచమంతా అదే ఎత్తు. బుట్టకు అడుగు ఉంది కాబట్టి బంతి పడ్డాక పైకెక్కి తీసేవాడొకడు కావాలి. గమనించగలరు: ఇండెంటు, స్టాకు లేకపోవడం, ప్రత్యామ్నాయ సామగ్రి, అదనపు సిబ్బంది. శాఖాపరమైన లాంఛనాలన్నీ పుట్టుకతోనే వచ్చాయి. ఎవరూ కొటేషన్లు పిలవకపోవడం ఒక్కటే లోపం. దాన్ని మేం సరిదిద్దాం.

మా దగ్గర బంతి కొనాలంటే మూడు కొటేషన్లు ఉండాలి. మూడింటినీ ఒకే దుకాణంవాడు మూడు లెటర్‌హెడ్‌ల మీద రాసిస్తాడు, అది అతని సేవాభావం. మగపిల్లలకు 7వ నంబరు బంతి, ఆడపిల్లలకు 6వ నంబరు అని పీఈటీ మాస్టారు ఇండెంటులో రాశారు. కొనుగోలు కమిటీలో ముగ్గురు: తర్కశాస్త్రం, కామర్స్, లైబ్రరీ. ఒకే ఆటకు రెండు సైజులేమిటని తర్కశాస్త్రం అడిగింది. నంబరు తగ్గితే ధరా తగ్గుతుందిగా అని కామర్స్ అంది. లైబ్రరీ మౌనంగా ఉండమంది. చివరికి వచ్చింది 5వ నంబరు. అది చిన్నపిల్లలు ఆడుకునేది. మాస్టారు స్టాకు రిజిస్టర్లో ఎక్కించి సంతకం పెట్టారు. పాత బంతుల్ని పారేద్దామంటే అంత తేలిక కాదు. వాటిలో గాలి నిలవడం లేదని తేల్చడానికి వేరే కమిటీ ఉంది. అది కూర్చునేదాకా అవి ఇనప బీరువాలో తాళం వెనక క్షేమంగా ఉంటాయి.

కోర్టు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నిబంధన ప్రకారం 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. సైకిల్ స్టాండు కట్టేదాకా మాదీ అంతే. 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర పైలిన్ తుపాను తీరం దాటినప్పుడు ఒకవైపు స్తంభం ఒరిగింది. మరమ్మతు కోసం వెళ్లిన ఫైలు ఇంకా రాలేదు. ఒరిగిన రింగుకు అలవాటుపడ్డ మా పిల్లలు బయట ఊళ్లో నిటారు రింగు చూస్తే బెంబేలెత్తుతారు. ఇక్కడికొచ్చిన ప్రత్యర్థుల పరిస్థితీ అంతే. పైసా ఖర్చు లేకుండా హోమ్ అడ్వాంటేజ్ సాధించిన కాలేజీ మాది.

అసలు పోటీ మొదలయ్యేది అర్హత పత్రం దగ్గర. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి ఫారంలో అది చివర ఉండాలి. కాబట్టి ఒకే కుర్రాడు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, కాలేజీ రికార్డులో తలకిందులుగా దర్శనమిస్తాడు. 1936 ఏప్రిల్ 1న మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీని వదిలి ఒడిశాలో చేరింది గానీ, మా ఇంటిపేర్లు ఇంకా చేరలేదు. ముగ్గురూ ఒక్కడేనని నిరూపించడానికి నోటరీ అఫిడవిట్ కావాలి. ఈ సీజన్‌లో మా సెంటర్ ఆటగాడు ఎక్కువసేపు నిలబడ్డ కోర్టు, నల్లకోట్లు తిరిగేదే. ఆ పైన కొత్తగా వచ్చిన గుమాస్తా జాబితాలో నలుగురు రావుల్ని చూసి, అదే వాళ్ల ఇంటిపేరనుకుని, ‘ఆజ్ఞా (ఒడియాలో అయ్యా అని), ఒకే ఇంట్లోంచి నలుగురా?’ అంటూ బంధుప్రీతి కింద అభ్యంతరం రాశాడు. నలుగురి తండ్రులూ వచ్చి, తమకు ఒకరితో ఒకరికి ఏ చుట్టరికమూ లేదని విడివిడిగా రాసిచ్చారు. అందులో ఇద్దరు తర్వాత వియ్యంకులయ్యారు, అది వేరే సంగతి.

అమెరికాలో పెద్ద యూనివర్సిటీలు ఇలాంటి పనులకు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటాయి. ప్రయాణాలూ హోటళ్లూ భోజనాలూ చూడ్డానికి ఆపరేషన్స్ డైరెక్టర్, ప్రత్యర్థుల ఆటను ముక్కలు చేసి చూపించడానికి వీడియో కోఆర్డినేటర్, నిబంధనలు దాటకుండా కాయడానికి ఓ విభాగం, బంతులేరి నీళ్లందించడానికి విద్యార్థి మేనేజర్లు. 2021 నుంచి అక్కడి ఆటగాళ్లు తమ పేరునూ బొమ్మనూ ప్రకటనలకిచ్చి సంపాదించుకోవచ్చు కూడా. మా పిల్లల పేర్లు ఎవరైనా కొంటామన్నా, ఏ స్పెల్లింగు అమ్మాలో తేలాలిగా. ఇక్కడ ఆ హోదాలన్నీ మాస్టారివే. పరీక్షల్లో ఇన్విజిలేషన్, ఎన్నికల డ్యూటీ అదనం. రాష్ట్రపతి వి.వి. గిరిని కన్న ఊరు మాది, రెండు హాకీ ప్రపంచకప్పులు జరిపిన రాష్ట్రం మాది. కోర్టులో ఆట నడిపించే పాయింట్ గార్డు కోసం మాత్రం ఇంకా వెతుక్కుంటున్నాం.

ఇంతకీ బడ్జెట్. టోర్నమెంటుకు రెండు రోజుల మంజూరు వచ్చింది. ఓడితే ఇంటికొచ్చేస్తారు, సమస్య లేదు. గెలిస్తేనే చిక్కంతా. మూడో రోజు బస ఎక్కడ? పన్నెండు మందికి అన్నం ఏ పద్దులోంచి? ముందస్తు అనుమతి లేకుండా గెలిచినందుకు ఆడిట్‌లో సంజాయిషీ ఎవరు చెప్పాలి?

ఈసారి ఆ ప్రమాదం దాదాపు జరిగిపోయింది. నాలుగో క్వార్టర్‌లో మనవాళ్లు ఎనిమిది పాయింట్లు ముందున్నారు. మాస్టారికి చెమటలు పట్టాయి. టైమ్ అవుట్ అడిగి, పిల్లల వైపు చూడకుండా అకౌంట్స్‌కు ఫోన్ కొట్టారు. టైమ్ అవుట్ ఒక్క నిమిషమే. మా ఆఫీసులో ఫోను ఎత్తడానికి అది చాలదు. మళ్లీ అడిగారు, మళ్లీ మోగింది. ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు లేక పిల్లలు వాళ్లలో వాళ్లే వాదించుకుని, చివరికి రెండు పాయింట్ల తేడాతో కర్తవ్యం నెరవేర్చారు.

సాయంత్రం అకౌంట్స్ నుంచే ఫోను వచ్చింది.

‘మాస్టారూ, భోజనానికి వెళ్లానండీ. ఏమైనా అర్జెంటా?’

‘ఏం లేదు బాబూ, ఓడిపోయాం.’

‘హమ్మయ్య. అయితే మూడో రోజుకి నోటు పెట్టక్కర్లేదు. చిరిగిన జెర్సీ ఏదైనా ఉంటే మాత్రం పారెయ్యకండి, స్టాకులో చూపించాలి.’