మోటారు మార్చే ముందు పైపు చూడండి

బోరులో ఊట ఉన్నా తోటకు నీళ్లు తక్కువొస్తే మోటారు హెచ్‌పీ (హార్స్‌పవర్) పెంచమని ఒకరు సలహా రాశారు. మన నల్గొండ బత్తాయి రైతుకు ఆ సలహా ఖర్చే. 300 మీటర్ల ప్లాస్టిక్ లైనులో సెకనుకు 2 లీటర్లు పారితే, లోపలి వ్యాసం 50 మి.మీ. ఉన్నప్పుడు రాపిడికి పోయేది సుమారు 6.5 మీటర్ల హెడ్, అంటే నీటిని అంత ఎత్తుకు ఎక్కించే ఒత్తిడి. 32 మి.మీ. అయితే 57 మీటర్లు! అంటే దాదాపు ఒకటిన్నర హెచ్‌పీ వేడిగా మారిపోతుంది. అయినా నీళ్లు వేడెక్కేది 0.13 డిగ్రీలే, చేయి పెట్టినా తెలియదు. అందుకే పైపును ఎవరూ అనుమానించరు. పెద్ద మోటారుతో అదే పైపులో ప్రవాహం రెట్టింపు చేస్తే రాపిడి నష్టం మూడున్నర రెట్లు దాటుతుంది. నల్ల హెచ్‌డీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) పైపుకు చెప్పే సైజు బయటి కొలత. గోడ మందం రెండింతలు తీసేసి లెక్కగట్టండి. డబ్బు చాలకపోతే ముందు సన్నటి ముక్కలే మార్చండి.