ఇండిగో మెరీనాకి అడవి యోగం

పాత స్టేషన్ వ్యాగన్‌ని, అంటే కప్పు వెనకదాకా సాగి డిక్కీ లోపలే కలిసిపోయిన కారుని, కొద్దిపాటి అడవి దారులకి సిద్ధం చేసుకోవడం ఎలా అన్న విషయం మీద తెలుగులో ఇంతవరకూ గంభీరమైన చర్చ జరగలేదు. వాస్తు మీద జరిగింది, మోకాళ్ల నొప్పుల మీద జరిగింది, చిరుధాన్యాల మీద అవసరానికి మించి జరిగింది. ఈ లోటు తీర్చే బాధ్యత నా మీద పడింది.

ముందుగా బండి. మన దేశంలో వ్యాగన్లు తక్కువ పుట్టాయి, తొందరగా పోయాయి. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది. తరవాత మారుతి బలెనో ఆల్ట్యురా, ఓపెల్ కోర్సా స్వింగ్, ఫియట్ సియెనా వీకెండ్, స్కోడా ఆక్టేవియా కాంబీ వచ్చాయి. సామాను పట్టే చోటు చూస్తే ఒక్కోటి ఒక్కో గోడౌను. అయినా జనం కొనలేదు. మనకి డిక్కీ అంటే కారు వెనక విడిగా పొడుచుకొచ్చి కనబడాలి. లోపల కలిసిపోయిన డిక్కీ ఎంత పెద్దదైనా పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు. పైగా "అంబులెన్స్ కొన్నారా అండీ?" అని పలకరిస్తారు.

2004లో వచ్చిన టాటా ఇండిగో మెరీనాదీ అదే జాతకం. అలాంటిది ఒకటి, ఏపీ 16 నంబరుతో, విజయవాడలో మా బావమరిదికి దొరికింది. ధర ఎంతరా అంటే మంచి ఫోను కంటే కాస్త తక్కువే అన్నాడు. "బావా, దీన్ని ఆఫ్‌రోడ్ బండి చేస్తున్నా, రోడ్డు లేనిచోటా పోతుంది" అన్నాడు. నేనేమీ అనలేదు. బావమరిది విషయంలో ఏమీ అనకపోవడం మా ఇంట్లో చాలా కాలంగా అమల్లో ఉన్న విధానం.

ఇక శాస్త్రం. కారులో రెండు రకాల భాగాలుంటాయి: కనబడేవి, కనబడనివి. ఆఫ్‌రోడింగ్ మొదటి రకంతో మొదలై అక్కడే సంపూర్ణమవుతుంది. రెండో రకం గురించి మాట్లాడేవాళ్లని మెకానిక్కులంటారు. వాళ్ల దృష్టి సంకుచితం.

కనబడేవాటిలో మొదటి స్థానం పైన బిగించే ఇనప క్యారియర్‌ది. దాని ముందు అంచున వరసగా ఎల్‌ఈడీ లైట్లు. లైట్లకి నల్ల మూతలు, ఎందుకంటే వెలిగిస్తే పోలీసులు ఆపుతారు. వెలిగించకూడని లైట్లకి మూతలు విడిగా కొనడం ఖర్చు కదా అని కొందరు అడుగుతారు. అలాంటివాళ్లు డిక్కీ విడిగా ఉండే సెడాన్ కొనుక్కోవచ్చు. క్యారియర్ మీద ఒక పక్క ఎర్ర జెర్రీక్యాన్. మచిలీపట్నం రోడ్డు మీద దారి పొడవునా పెట్రోలు బంకులు ఉన్నాయన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం. క్యాన్ ఖాళీదే, ఎండలో ఇంధనాన్ని నెత్తిన పెట్టుకు తిరిగేంత అమాయకుడు కాదు మావాడు. ఇంకో పక్క పార. దాని మీది ధర చీటీ ఇంకా ఊడలేదు. మా మామగారు ఆ పారని పెరట్లో అరటి పిలకలు నాటడానికి అడిగితే, "అది రికవరీ గేర్, నాన్నా, దిగబడిన బండిని బయటికి తియ్యడానికి" అని ఇవ్వలేదు.

ఆ పక్కనే నాలుగడుగుల హైలిఫ్ట్ జాకీ. ఇది మహత్తరమైన పరికరం. ఇనప బంపరున్న జీపుకి తగిలిస్తే చక్రం నేల వదిలి లేస్తుంది. మెరీనాకి ఉన్నవి ప్లాస్టిక్ బంపర్లు. జాకీ తగిలించి ఎత్తితే బంపరు లేస్తుంది, కారు ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి ఆ జాకీని ఎక్కడా వాడరు, క్యారియర్‌కి బోల్టులతో బిగించి ఊరేగిస్తారు.

అన్నిటికంటే ఉత్తమమైనది స్నోర్కెల్. ఇంజిన్ గాలి పీల్చుకునే చోటు మామూలుగా బానెట్ కిందే ఉంటుంది. లోతు నీళ్లలో దిగితే గాలితో పాటు నీళ్లూ లోపలికి పోతాయి. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లని నొక్కలేదు, పిస్టన్‌ని పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజిన్ సమాప్తం. అందుకని గాలి గొట్టాన్ని కప్పు ఎత్తుకి తీసుకెళ్లడం అసలు ఉద్దేశం. మావాడి స్నోర్కెల్ ఇంకా నిరపాయకరమైనది. అది ఫెండరుకి, అంటే ముందు చక్రం పైనుండే రేకుకి, రెండువైపులా జిగురున్న టేపుతో అతికించి ఉంది, లోపల ఏ గొట్టానికీ కలవదు. కలపాలంటే ఫెండరుకి రంధ్రం పెట్టాలి, పెడితే అమ్మేటప్పుడు రేటు పడిపోతుంది. అడవికీ అమ్మకానికీ ఒకేసారి సిద్ధంగా ఉండే బండి ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇదంతా పూర్తయ్యాక ఆటోనగర్‌లో మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన పైన ఏముందో చూడలేదు. కింద పడుకున్నాడు. లేచి చేతులు తుడుచుకుని, "బాబూ, ముందు ఇంజిన్ అడుగున ఆయిలుండే ఛాంబర్ కింద ప్లేటు వేయించండి. మూడు మిల్లీమీటర్ల ఇనుము చాలు. రాయి తగిలి ఛాంబర్ పగిలితే ఆయిలంతా పోయి ఇంజిన్ పట్టేస్తుంది. చక్రాన్ని పట్టి ఉంచే లోయరార్మ్ రబ్బరు బుష్షులు అరిగాయి. టైర్లు గట్టిపడిపోయాయి, ఇవి మట్టిలో పట్టవు. ముందూ వెనకా కొక్కెం గట్టిది చూసుకోండి, లాగేటప్పుడు ఊడొస్తే మనిషికి తగులుతుంది" అన్నాడు.

బావమరిది ఓపిగ్గా విన్నాడు. "ప్లేటు వేస్తే బయటికి కనబడుతుందా?" అని అడిగాడు. కనబడదన్నాడు మేస్త్రి. "మరి రంగు వేస్తే?"

చివరికి ఒప్పుకున్నది ఒక్కటే, ఎత్తు పెంచడం. అది కనబడుతుంది కాబట్టి. ముందు స్ట్రట్ల (స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఉండే కాళ్ల) మీదా వెనక స్ప్రింగుల దగ్గరా దిమ్మలు పెడితే ఒక అంగుళం పైచిలుకు బండి లేస్తుంది. ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. టైరు సైజు మార్చినా ఎత్తు పెరుగుతుంది. 175/65 ఆర్14 (వెడల్పు మిల్లీమీటర్లలో, పక్కగోడ ఎత్తు అందులో శాతంగా, రిమ్ము అంగుళాల్లో) తీసి 185/70 ఆర్14 వేస్తే నేలకీ ఛాంబర్‌కీ మధ్య దాదాపు 16 మిల్లీమీటర్లు కలిసొస్తాయి. చక్రం చుట్టుకొలత సుమారు 5 శాతం పెరుగుతుంది గనక మీటరు 80 చూపిస్తే బండి 84 మీద పోతూ ఉంటుంది. దిమ్మల దారి వేరు. బండి లేచినా యాక్సిల్ మాత్రం పాతచోటే ఉంటుంది కాబట్టి జాయింట్ల కోణం పెరిగి, వాటికి తొడిగిన రబ్బరు బూట్లు తొందరగా చిరుగుతాయి. చక్రం కిందికి వాలడానికి షాకబ్జర్‌లో మిగిలిన ఆట తగ్గుతుంది. వీల్ అలైన్‌మెంట్ మళ్లీ చేయించకపోతే టైరు ఒక పక్కే అరుగుతుంది. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో పడతాయి. ఇవన్నీ మేస్త్రి చెప్పాడు. దిమ్మలు పెట్టాక, పైన క్యారియర్, క్యాన్, పార, జాకీ, స్పేర్ టైరు ఎక్కాక, పెరిగిన అంగుళంలో సగం మళ్లీ కిందికి దిగిపోయిందన్నది వేరే సంగతి. బరువు పైకెళ్లింది గనక మలుపులో బండి ఓ పక్కకి ఒరుగుతోంది కూడా. దానికి మావాడు పెట్టిన పేరు "రోడ్ ప్రెజెన్స్".

విదేశాల్లో ఈ పని కంపెనీలే చేశాయి. అమెరికాలో 1979లో ఏఎంసీ అనే కార్ల కంపెనీ వాళ్లు మామూలు ప్యాసింజర్ కారునీ వ్యాగన్‌నీ ఎత్తు పెంచి, కింద నాలుగు చక్రాలకీ శక్తి అందించే ఏర్పాటు పెట్టి ఈగిల్ అని అమ్మారు. తొంభైల్లో సుబారు అదే సూత్రంతో లెగసీ వ్యాగన్‌ని ఔట్‌బ్యాక్ చేసింది, 1997లో వోల్వో వీ70కి క్రాస్ కంట్రీ తోక తగిలించింది. మన దగ్గరికొచ్చేసరికి సూత్రాన్ని శుద్ధి చేశారు. ఫోక్స్‌వ్యాగన్ క్రాస్ పోలో, టయోటా ఎటియోస్ క్రాస్, ఫియట్ అవెంచురా, హ్యుందాయ్ ఐ20 యాక్టివ్: అన్నిటికీ చుట్టూ నల్ల ప్లాస్టిక్, కప్పు మీద పట్టాలు, శక్తి మాత్రం ముందు రెండు చక్రాలకే. అవెంచురాకైతే స్టెప్నీ వెనక తలుపు మీద బయటికి కనబడేట్టు తగిలించారు. అంతంత ఇంజనీర్లున్న సంస్థలే ఈ నిర్ణయానికి వచ్చాక, మా బావమరిదిని మాత్రం తప్పుపట్టడం ఏం న్యాయం?

ఇక పరీక్ష. రిజర్వ్ అడవిలోకి అనుమతి లేకుండా బండి తోలితే కేసవుతుంది కాబట్టి అడవి వద్దనుకున్నాం. తుళ్లూరు దాటాక పొలాల మధ్య ఒక మట్టిదారి ఎంచుకున్నాడు. ముందురోజు వాన పడింది. అది నల్లరేగడి. ఎండలో పగుళ్లిచ్చి రాయిలా ఉండే ఈ నేల తడిస్తే టైరు గాళ్లన్నీ నింపేసి దాన్ని నున్నటి బంతిని చేస్తుంది. గాళ్లు లోతుగా ఉన్న టైరైతే తిరిగే కొద్దీ కొంత మట్టి విదిలించుకుంటుంది. మేస్త్రి చెప్పిన టైర్లు కనబడేవే అయినా, నల్లగానే ఉంటాయి కదా అని వాయిదా పడ్డాయి. పదిగజాలు పోయాక ముందు చక్రం ఒకటి గిర్రున తిరుగుతోంది, రెండోది పట్టించుకోవడం మానేసింది. రెండు చక్రాలకీ శక్తి పంచే మామూలు డిఫరెన్షియల్ గుణమే అంత: ఏ చక్రానికి పట్టు లేదో దానికే శక్తి పంపుతుంది. మన ప్రభుత్వ పథకాల్లో కొన్నిటికి ఇదే డిఫరెన్షియల్ బిగించారని నా అనుమానం.

టైర్లలో గాలి తగ్గిస్తే నేల మీద పరుచుకుని పట్టు వస్తుంది. అందుకు ఖర్చులేదు, పుల్ల చాలు. కాని తిరిగి గాలి నింపే పంపు కొనలేదు, అది డిక్కీలో ఉంటుంది గనక. ముందు చక్రాలకే శక్తి అందే బండి మెట్ట ఎక్కాలన్నా చిక్కే. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారి ముందు చక్రాలు తేలికైపోతాయి. రివర్సులో ఎక్కితే లోకం తలకిందులై బరువు డ్రైవింగ్ చక్రాల మీదే పడుతుంది. కాలవ గట్టు మావాడు అలాగే ఎక్కబోయాడు. అయితే వ్యాగన్‌కి వెనక భాగం పొడుగు. గట్టు మొదట్లోనే తోక నేలకి ఆనింది. వెనక బంపరు సగం అక్కడే ఉండిపోయింది.

ఇంతలో అటువైపు నుంచి పల్లెవెలుగు బస్సు వచ్చింది. అదే దారిలో. మా పక్క నుంచి, అరచెయ్యి సందు వదిలి, బురద చిమ్ముకుంటూ వెళ్లి కాస్త దూరంలో ఆగింది. స్త్రీశక్తి జీరో టికెట్ మీద వచ్చిన ఒక పెద్దావిడ గోనెసంచితో దిగి మా దగ్గరికొచ్చింది. క్యారియర్నీ, లైట్లనీ, పారనీ, స్నోర్కెల్‌నీ శ్రద్ధగా చూసింది.

"ఏం అమ్ముతారు బాబూ?" అని అడిగింది.

ట్రాక్టరు వచ్చి లాగింది. కొక్కెం ఊడలేదు, అదొక్కటి కలిసొచ్చింది. ట్రాక్టరు అబ్బాయి డబ్బులు తీసుకోకుండా, ఆ పార మాత్రం ఇస్తారా అన్నాడు. ఇవ్వలేదు.

చట్టం విషయం చెప్పకుండా వ్యాసం ముగిస్తే బాధ్యతారాహిత్యం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు. బండి ముందు భాగానికి ఇనప గార్డులు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. మెరీనా వయసు పదిహేనేళ్లు దాటింది గనక అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాలి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి.

మావాడి రెన్యువల్ వచ్చే నెలలో ఉంది. ముందురోజు రాత్రి క్యారియర్, లైట్లు, వాటి మూతలు, క్యాన్, పార, జాకీ, స్నోర్కెల్, దిమ్మలు అన్నీ విప్పాలని, ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఆఫీసు బయట సందులోనే మళ్లీ బిగించాలని ఏర్పాటు. ఈ సామానంతా అంతవరకూ ఎక్కడ పెడతావురా అని అడిగాను. వెనక సీటు మడిచి చూపించాడు. క్యారియర్‌తో సహా అన్నీ పట్టాయి, ఇంకా చోటు మిగిలింది. సెడాన్ వాళ్లకి ఈ సౌకర్యం లేదు.