రిపోర్టు ముందు ఎవరు చదవాలి?

హైదరాబాదులో ఓ పదహారేళ్ల పిల్లకో పిల్లాడికో అరుదైన జబ్బు ఉందేమోనని డాక్టరు అంటే చాలు, రిపోర్టు పీడీఎఫ్ సాయంత్రానికల్లా డాలస్‌లోని బాబాయికీ, సిడ్నీలోని పిన్నికీ చేరిపోతుంది. జబ్బు ఎవరిదో వాళ్లకి మాత్రం "ఏదో విటమిన్ తక్కువట" అని చెబుతారు. ప్రేమతో చేసే పనే, కాదనం. కానీ వైద్యాన్ని పాడుచేసే పని. టీనేజీకొచ్చిన పిల్లలకి జబ్బు పేరేమిటో, పరీక్ష ఎందుకో, మందు ఎందుకో మొదటి రోజు నుంచీ తెలియాలన్నది మా అభిప్రాయం. ఇందులో సెంటిమెంటు కంటే లెక్కే ఎక్కువ.

విల్సన్ జబ్బునే తీసుకోండి. ఇందులో కాలేయం రాగిని బయటికి పంపలేకపోతుంది, ఆ రాగి కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుంటుంది. ఇంటర్ వయసులో ఇది చేతిరాత చెడిపోవడంతోనో, వణుకుతోనో, మాట ముద్దగా రావడంతోనో, ఊరికే కోపం రావడంతోనో బయటపడవచ్చు. ఇంట్లో ఫోన్‌ని తిడతారు, కాలేజీలో బద్ధకం అంటారు. అనుమానం వస్తే రక్తంలో రాగిని మోసే ప్రొటీన్ సెరులోప్లాస్మిన్ ఎంతుందో చూస్తారు, కంటి డాక్టరు స్లిట్‌ల్యాంపుతో నల్లగుడ్డు అంచున రాగి వలయం ఉందేమో చూస్తారు, 24 గంటల మూత్రంలో రాగి కొలుస్తారు. సెరులోప్లాస్మిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల లోపుంటే అనుమానం, 10 లోపుంటే గట్టి అనుమానం. ఒంట్లో జ్వరమో వాపో ఉంటే ఆ అంకె పెరిగి మామూలుగా కనబడుతుంది, అందుకని దాన్నొక్కదాన్నే నమ్మరు.

మూత్రం పరీక్ష ఎక్కువగా చెడేది ఇంట్లోనే. పొద్దున ఆరింటికి మొదట వెళ్లింది పారబోయాలి. అప్పటి నుంచి మర్నాడు ఆరింటి దాకా ప్రతిసారీ, ఆఖరిది కూడా, ల్యాబు ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టాలి. లోహపు గిన్నెలో పట్టి ఒంపకూడదు, రాగి చెంబు సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజు మొత్తానికి 100 మైక్రోగ్రాములు దాటితే అనుమానం బలపడుతుంది. మధ్యలో కాలేజీకి వెళ్లి రెండుసార్లు బయట పోసొచ్చిన పిల్లాడు సిగ్గుపడి ఆ మాట చెప్పడు. అంకె తక్కువొస్తుంది, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఎందుకు చేస్తున్నారో తెలిసినవాడైతే ఆదివారం చూసుకుని ఇంట్లో ఉంటాడు.

మందుల దగ్గర ఇంకా కష్టం. రాగిని మూత్రంలోకి పంపించే పెనిసిలమైన్ భోజనానికి గంట ముందో, రెండు గంటల తర్వాతో వేసుకోవాలి, తోడుగా విటమిన్ బీ6 ఉంటుంది. తిండిలోని రాగిని ఒంటికి పట్టనివ్వని జింకు రాస్తే అదీ తిండికి దూరంగానే, కానీ పెనిసిలమైన్‌తో కలిపి కాదు. జింకుతో కడుపులో తిప్పుతుంది. పెనిసిలమైన్ మొదలుపెట్టిన కొత్తలో కొందరిలో వణుకు తగ్గకపోగా పెరుగుతుంది, అప్పుడు వెంటనే డాక్టరుకి చెప్పాలే తప్ప సొంతంగా మానకూడదు. ఈ మందు జీవితాంతం. ఒంట్లో బాగుందని ఆపేస్తే నెలల్లోనో ఏళ్లలోనో కాలేయం ఒక్కసారిగా చేతులెత్తేయవచ్చు. కూకట్‌పల్లి హాస్టల్లో మెస్సు గంటకీ స్టడీ అవర్‌కీ మధ్య పరిగెత్తే పిల్ల "విటమిన్ మాత్ర" కోసం ఇంత క్రమశిక్షణ ఎందుకు పాటిస్తుంది? తోబుట్టువులకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది, ఆరోగ్యంగా కనిపించినా వాళ్లకి వెంటనే పరీక్ష చేయించాలి. దాన్ని దొంగచాటుగా చేయించలేరు కదా.

అన్ని జబ్బులకీ ఇదే సూత్రమని కాదు. పెద్దయ్యాకే వచ్చి, ఇప్పుడు చేయడానికి వైద్యమేమీ లేని జబ్బుకి ఆరోగ్యంగా ఉన్న తమ్ముణ్ణి పరీక్షించకూడదు. 18 నిండాక తెలుసుకోవాలో వద్దో అతనే తేల్చుకుంటాడు.

జీన్ల వల్ల వచ్చే జబ్బులు చూసే జెనెటిక్స్ డాక్టరు మొదట అడిగేది మూడు తరాల వంశవృక్షం. మనవాళ్లు సరిగ్గా తడబడేదీ అక్కడే. "మేనరికమా?" అంటే "దూరపు చుట్టరికం" అని దాటేస్తారు. మేనమామనో మేనబావనో చేసుకున్న సంగతి ల్యాబుకి తెలిస్తే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే మార్పు వచ్చిన జీన్లను ముందు చూస్తారు. చిన్నప్పుడే పోయిన మేనత్త ఉంటే ఆ సంగతీ రాయించండి. ఇలాంటి జబ్బుల్లో మార్పు చెరోవైపు నుంచీ వస్తుంది, కాబట్టి కోడలి పుట్టింటి మీద నెపం వేయడం సైన్సుకీ నిలవదు.

తర్వాత ఎక్సోమ్ పరీక్ష, అంటే జీన్లలో ప్రొటీన్ల తయారీకి సంబంధించిన భాగాలన్నీ ఒకేసారి చదవడం. రక్తం గడ్డకట్టనివ్వని ఊదా మూత ఈడీటీఏ గొట్టంలో 2 నుంచి 4 మిల్లీలీటర్ల రక్తం. వీలైతే తల్లిదండ్రుల రక్తమూ అదే రోజు ఇవ్వండి, మార్పు ఎవరి నుంచి వచ్చిందో తేలుతుంది. ఫారంలో లక్షణాలన్నీ రాయించండి. "వణుకు" అని ఒక్క ముక్క రాస్తే ల్యాబు ఆ ఒక్క ముక్కకే వెతుకుతుంది. రిపోర్టుకి కొన్ని వారాలు పడుతుంది. అందులో వీయూఎస్ అని ఉంటే, మార్పు కనబడింది గానీ అది జబ్బు తెచ్చేదో కాదో ఇంకా తేలలేదని అర్థం. దాన్ని పట్టుకుని పథ్యాలు మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు, "నెగటివ్" చూసి స్వీట్లు పంచేవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటే. నడక తూలిపోయే నరాల జబ్బు ఫ్రీడ్రైక్ అటాక్సియాకి కారణం ఎఫ్‌ఎక్స్‌ఎన్ జీనులో ఒక చిన్న అక్షరక్రమం వందలసార్లు రిపీట్ కావడం. మామూలు ఎక్సోమ్ దాన్ని పట్టుకోదు, విడిగా అడిగి చేయించాలి. తేలితే నరాల డాక్టరుతో ఆగకూడదు. గుండెకి ఎకో, షుగరు, వెన్నెముక వంపు కూడా చూడాలి.

పిల్లలకి చెప్పడం ఎలా అంటే, చుట్టాల్లేని పూట, అమ్మానాన్నా ఇద్దరూ కూర్చుని, నాలుగు మాటల్లో. "నీ జబ్బు పేరు ఇది. నువ్వేదో తిన్నందుకో, చేసినందుకో రాలేదు. దీనికి ఈ మందుంది, దీనికి లేదు. మాకు తెలియనిది డాక్టర్ని కలిసి అడుగుదాం." అక్కడితో ఆపండి. ప్రశ్నలు రెండ్రోజుల తర్వాత, బండి మీద వెళ్తున్నప్పుడు వస్తాయి: చచ్చిపోతానా, ఎంసెట్ రాయగలనా, పెళ్లవుతుందా, ఫ్రెండ్స్‌కి తెలుస్తుందా. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చివరి పది నిమిషాలు మీరు బయట కూర్చోండి. మీ ముందు అడగలేనివి వాళ్లకి ఉంటాయి. ఫైలు కూడా వాళ్లనే మోయనివ్వండి.

డబ్బు విషయం. అరుదైన జబ్బుల జాతీయ విధానం 2021లో వచ్చింది. దాని కింద హైదరాబాదులో ఈ పని చూసేది నిమ్స్ ఆసుపత్రితో కలిసి పనిచేసే సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ సంస్థ. జబ్బు ఆ విధానం జాబితాలో ఉంటే చికిత్సకి 50 లక్షల దాకా సాయం ఉంటుంది, సొమ్ము ఆసుపత్రికే వెళుతుంది. ముందు జబ్బు నిర్ధారణ కావాలి. చేతుల్లోనో కాళ్లల్లోనో వైకల్యం మొదలైతే ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్‌కి ముందే దరఖాస్తు చేయండి. వైకల్యం 40 శాతమో అంతకు పైనో ఉండి, పరీక్షలో రాసిపెట్టే మనిషి అవసరమైతే గంటకి 20 నిమిషాల అదనపు సమయం కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. హాల్ టికెట్లొచ్చాక పరిగెడితే పని జరగదు.

విదేశాల్లో ఉన్న మనకి ఒక మాట. 2023 ఫిబ్రవరిలో ఫ్రీడ్రైక్ అటాక్సియాకి, 16 ఏళ్లు నిండినవారికి, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక మందుని ఆమోదించింది. జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుంది, నయం చేయదు. ఇలాంటి వార్తల లింకు ఫ్యామిలీ గ్రూపులో పడేయకండి. ఆ గ్రూపులో పిల్లాడూ ఉంటాడు. పంపాలనుకుంటే తల్లిదండ్రులకి ఫోన్ చేసి, డాక్టర్ని అడగమని చెప్పండి. రిపోర్టు మీకొస్తే ఇంకొకరికి పంపే ముందు పిల్లాణ్ణి అడగండి.

నిజంగా పనికొచ్చే సాయం ఇంకోటుంది. ల్యాబు నుంచి రిపోర్టుతో పాటు ముడి డేటా కూడా అడిగి తెప్పించి భద్రపరచండి. కనబడిన మార్పుల జాబితా ఉండే వీసీఎఫ్ ఫైలు చిన్నదే, మిగతావి గిగాబైట్లలో ఉంటాయి, లింకు గడువు దాటితే పోతాయి. ఏమీ తేలని ఎక్సోమ్‌ని ఏడాది రెండేళ్ల తర్వాత మళ్లీ విశ్లేషిస్తే కొందరికి జవాబు దొరుకుతుంది, ఈలోగా కొత్త జీన్లు బయటపడుతుంటాయి కాబట్టి. దాచే పని సాఫ్ట్‌వేర్ మేనమామ బ్రహ్మాండంగా చేయగలడు, చదివే పని మాత్రం జెనెటిక్స్ డాక్టరుకే వదలాలి. ఆ ఖాతా పాస్‌వర్డు పిల్లాడికీ ఇవ్వండి, 18 నిండాక ల్యాబులో ఫోన్ నంబరు కూడా అతని పేరుకి మార్పించండి.