ఘర్షణని రద్దు చెయ్యాలి, అర్జెంటుగా

మొన్న ఆదివారం ఇల్లు మారాం. మా అమ్మ ఇనప బీరువా ఒకటుంది, తాళంచెవి ఎప్పుడో పోయింది, లోపల ముప్ఫై ఏళ్ల పట్టుచీరలు మాత్రం భద్రంగా ఉన్నాయి. దాన్ని నేనూ మా బావా కలిసి గుమ్మం దాకా తొయ్యాలి. పళ్లు బిగపట్టి తోశాం, ఇసుమంత కదల్లేదు. పక్కింటాయన్ని పిలిచి ముగ్గురం ఐలెసా అంటే అప్పుడు గర్ర్‌మని కదిలింది, కదిలాక మాత్రం అంత కష్టపెట్టలేదు. ఎనిమిదో క్లాసు చదివే మావాడు చెయ్యి వెయ్యకుండా పక్కన నించుని "ముందు ఆపింది స్థైతిక ఘర్షణ నాన్నా, ఇప్పుడున్నది జారుడు ఘర్షణ, ఇది తక్కువ, అదే కింద చక్రాలుంటే దొర్లుడు ఘర్షణ, ఇంకా తక్కువ" అన్నాడు.

సరే, పక్కకి వాల్చి తోద్దాం, నేలకి తక్కువ తగుల్తుంది కదా అన్నాడు బావ. తగిలే వైశాల్యంతో పని లేదంట, బరువుతోనే పనంట. 1699లోనే అమోంటోన్స్ అనే ఫ్రెంచాయన చెప్పాడంట. అంతకి రెండొందలేళ్ల ముందే లియొనార్డో డావిన్సీ నోటుబుక్కులో రాసుకుని అచ్చెయ్యకుండా వదిలేశాడంట (మా క్లాసులోనూ ఒకడుండేవాడు, నోట్సు ఎవడికీ చూపించేవాడు కాదు). మరి చీరలు తీసేస్తే బరువు తగ్గుతుంది కదరా అంటే, తాళం లేదుగా.

నడుం పట్టుకుని అప్పుడే డిసైడయ్యా, ఈ ఘర్షణని దేశవ్యాప్తంగా రద్దు చెయ్యాలని అర్జీ పెడదామని.

రాత్రి అన్నాల దగ్గర చర్చ జరిగింది, ప్రతిపక్షం అంతా ఒకటైపోయింది. ఘర్షణ పోతే ముందు జారేది నీ లుంగీయే అన్నాడు బావ, ఆలోచిస్తే నిజమే, గుడ్డకి గుడ్డ పట్టు ఉండబట్టే ఆ దోపు నిలబడి నా పరువు కాపాడుతోంది. గోడకి మేకు నిలవదు. అగ్గిపుల్ల గీస్తే వెలగదు. బండి టైరు ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, ఒకవేళ ముందే కదుల్తుంటే ఇక ఆగదు. ఇదంతా విని మా అమ్మ, నా మోకాళ్లలో ఉన్నదైనా తీయించరా అంది. ఆరోగ్యంగా ఉన్న కీలులో ఘర్షణ మంచు మీద స్టీలు జారేదానికన్నా తక్కువే, లోపలుండే జిగురు ద్రవం మహిమ అది, మావాడే చెప్పాడు. అమ్మకి వాడి మీద నమ్మకం పోయింది.

సో అర్జీ సవరించా. లుంగీలు, టైర్లు, మేకులు, అగ్గిపెట్టెలు మినహాయించి మిగతా అన్నిచోట్లా రద్దు చెయ్యాలి అని రాసి ఒక ఆఫీసుకి పట్టుకెళ్లా. అక్కడి సారు చదవకుండానే తీసుకుని ఓ ఫైల్లో పెట్టి, దాని మీద ఇంకో నాలుగు ఫైళ్లు పెట్టాడు, చూద్దాం అన్నాడు. బరువు పెరిగితే ఘర్షణ పెరుగుతుందని నాకు అప్పుడే గుర్తుకొచ్చింది.

నాలుగుసార్లు తిరిగా. అయిదోసారి బయట బల్ల మీద కూర్చున్న ఒకాయన జాలిపడి, చెయ్యి తడపకుండా ఏ కాగితం కదుల్తుంది సార్ అన్నాడు. మా తాతయ్య బండి ఇరుసుకి గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన పూసేవాడు, కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అనేవాడు. మావాడి పుస్తకంలో కూడా కందెనల మీద ఒక పేజీ ఉంది, నూనె, గ్రీజు, క్యారమ్ బోర్డు పౌడరు అన్నీ రాశారు, ఈ ఐటమ్ ఒక్కటీ రాయలేదు. సిలబస్ కమిటీ వాళ్లు దయచేసి చూసుకోవాలి.

నా కాగితం ఇంకా అక్కడే ఉంది. పైన మొన్న ఇంకో రెండు ఫైళ్లు పెట్టారు.