మూడు రోజుల ఆఫీసు, నెలంతా కిరాయి

ఇంటి నుంచే ఉద్యోగం అయితే హైదరాబాద్ ఖాళీ అవుతుందని 2020లో చాలామంది లెక్కగట్టారు. అప్పట్లో కూకట్‌పల్లి, అమీర్‌పేట హాస్టళ్లు వెలవెలబోయిన మాట నిజమే. తర్వాత చాలా కంపెనీలు వారానికి మూడు రోజులు రమ్మనడంతో లెక్క తిరగబడింది. మంగళ, బుధ, గురువారాలు ఆఫీసు అంటే నగరంలో పడుకునేది రెండు రాత్రులే. హాస్టల్లో మంచానికి మాత్రం నెల కిరాయి కట్టాల్సిందే. నల్లగొండ కుర్రాడు వారంలో సగానికిపైగా సొంతూళ్లో ఉన్నా, నగరంలో ఒక మంచం అతని పేరు మీదే ఉంటుంది. ఆఫీసు రెండు రోజులకు దిగితే చుట్టాలింట్లో ఒక రాత్రి సర్దుకోవచ్చు. అప్పుడుగానీ హాస్టళ్లకు గిరాకీ తగ్గదు. పిల్లలున్నవాళ్ల సంగతి వేరు. బడి కోసం సంసారం నగరంలోనే పెడతారు, పైగా ఇంట్లో పని కోసం ఇంకో గది వెతుక్కుంటారు.

కిలోమీటర్లు చూసి లెక్కేసినా మోసపోతాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు ఇంచుమించు వంద కిలోమీటర్లే. ఐటీ కొలువులేమో ఎక్కువగా నగరానికి పడమట ఉన్నాయి. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి 44వ జాతీయ రహదారి మీద కారులో వచ్చేవాళ్లు శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, నగరంలోకి పోకుండానే గచ్చిబౌలిలో దిగుతారు. నల్లగొండ వాళ్లు తూర్పున తేలతారు. బస్సు దిగి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాలి, అమీర్‌పేటలో మారాలి, అప్పుడు ఐటీ ఆఫీసుల దగ్గరి రాయదుర్గం. మంచం వదులుకోవడం పాలమూరు వాళ్లకే తేలిక.

ఇక ఊళ్లో పని నిలబడేది కరెంటు మీద. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) ఇన్వర్టర్ బ్యాటరీ కొత్తదైతే ల్యాప్‌టాప్, రౌటర్, ఒక ఫ్యాన్, ఒక లైటు కలిపి 160 వాట్ల దాకా ఆరు గంటలు లాగుతుంది. తేడా కొట్టేది వేరే చోట. మన ఇళ్లలో ఇన్వర్టర్ వైరు ఎక్కువగా ఫ్యాన్లకు, లైట్లకే లాగుతారు, రౌటర్ ప్లగ్గును మరిచిపోతారు. ఆ ప్లగ్గు కలిపినా, ఇన్వర్టర్ స్విచ్ యూపీఎస్ మోడ్‌లో (కరెంటు పోగానే క్షణంలో బ్యాటరీకి మారే పద్ధతి) లేకపోతే కరెంటు పోగానే రౌటర్ ఆగి మళ్లీ లేస్తుంది. ఈలోపు ఆఫీసు నెట్‌వర్క్‌తో కలిపే వీపీఎన్ తెగిపోతుంది. ఇవన్నీ సరిచేసుకున్నా కేబుల్ ఆపరేటర్ గదిలోని యంత్రానికి బ్యాకప్ లేకపోతే వీధంతా నెట్ బంద్. కనెక్షన్ తీసుకునేటప్పుడు స్పీడు కన్నా ముందు అడగాల్సింది ఇదే.

2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, నల్లగొండలో ఐటీ టవర్లు తెరిచారు. పెద్ద కంపెనీలు వచ్చేదాకా చూడకుండా, వాటిలో కరెంటు బ్యాకప్ ఉన్న గదుల్లో కుర్చీలను రోజు కిరాయికి ఇవ్వాలి. రాత్రి షిఫ్టు వాళ్లకు తలుపులు తెరిచి ఉంచాలి.