డ్రిల్లు పోయాక మిగిలిన మనిషి

ఆధునిక బ్రిటిష్ కళ చరిత్ర రాసేవాళ్లు మామూలుగా 1910 నుంచి మొదలుపెడతారు. ఆ ఏడాది చివర్లో విమర్శకుడు రోజర్ ఫ్రై లండన్ గ్రాఫ్టన్ గ్యాలరీస్‌లో సెజాన్, వాన్ గో, గోగాంల చిత్రాలు పెట్టాడు. జనం నవ్వారు, పత్రికలు మండిపడ్డాయి. సరే, పెద్ద సంఘటనే. కానీ పారిస్ నుంచి వచ్చిన బొమ్మలు చూసి ఉలిక్కిపడినంత మాత్రాన సొంత గొంతు పలకదు. నన్నడిగితే 1916 అంటాను. ఒక శిల్పి తన శిల్పాన్ని తానే నరికిన సంవత్సరం అది.

ఆ శిల్పి జేకబ్ ఎప్‌స్టీన్. న్యూయార్క్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన యూదుడు. 1913లో ఆయన రాళ్లు తొలిచే పాత డ్రిల్లు ఒకటి కొన్నాడు, నిజమైనదే. దాని మీద తెల్లటి ప్లాస్టర్ మనిషిని ఎక్కించాడు. ముఖం ఉండాల్సిన చోట ముందుకు పొడుచుకొచ్చిన ముసుగు, పక్కటెముకల నడుమ ముడుచుకున్న పిండం. గాలి ఒత్తిడితో ఆ యంత్రాన్ని ఆడించాలని కూడా అనుకున్నాడట! అవి చిత్రకారుడు విండమ్ లూయిస్ బృందం ‘బ్లాస్ట్’ పత్రిక పెట్టి యంత్రయుగానికి జేజేలు కొడుతున్న రోజులు.

ఇంతలో యుద్ధం వచ్చింది. ఆ బృందంలోని శిల్పి గోడియే బ్రెజెస్కా 1915లో, 23 ఏళ్లకే, ఫ్రాన్స్‌లో తూటాకు బలయ్యాడు. మరుసటి ఏడు ఎప్‌స్టీన్ డ్రిల్లు తీసేశాడు. మనిషిని నడుము దగ్గర కోసి, చేతులూ కత్తిరించి, మిగిలిన మొండేన్ని లోహంలో పోతపోయించాడు. నిన్న రాళ్లు పగలగొట్టినవాడు ఇప్పుడు దెబ్బతిన్నవాడు.

దీన్ని వెనకడుగు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1918లో పాల్ నాష్ గీసిన మోడువారిన చెట్లు, బాంబులు కుళ్లబొడిచిన నేల, 1940లో బాంబుదాడులకు భయపడి భూగర్భ రైలు స్టేషన్లలో తలదాచుకున్నవాళ్లను చూసి హెన్రీ మూర్ వేసిన బొమ్మలు, 1945లో ఫ్రాన్సిస్ బేకన్ ప్రదర్శించిన నోరు తెరిచిన వికృతాకారాలు, అన్నీ ఈ మొండేనికి చుట్టాలే. బేకన్ పుట్టింది డబ్లిన్‌లో. 1949లో లండన్ చేరిన గోవా చిత్రకారుడు సౌజా బొమ్మల్లోనూ మెడల్లో బాణాలు గుచ్చుకుని ఉంటాయి. ‘బ్రిటిష్’ అనే ముద్ర కింద ఎక్కడెక్కడివాళ్లో ఉన్నారు మరి.

1974లో ఇద్దరు శిల్పులు పాత రూపాన్ని డ్రిల్లుతో సహా మళ్లీ నిలబెట్టారు. అది బర్మింగ్‌హామ్‌లో ఉంది. బ్రిటన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలోని లోహపు మొండెం మాత్రం తల కాస్త వంచి, పిండాన్ని ఇంకా లోపలే దాచుకుని ఉంది.